బండిని పడుకోబెట్టి చూసిన మా కాక

మా కాక పోయి పదిహేను రోజులైంది. కాక అంటే బాపు తమ్ముడు. సూరత్ దగ్గర కిమ్‌లో ఒక షెడ్డులో మగ్గం బాగుచేస్తూ, "జర పాణం మంచిగ లేదు" అని పక్కనున్న నూలు పెట్టె మీద కూర్చున్నాడట. ఆసుపత్రికి చేరేలోపే గుండె ఆగిపోయింది. నేను కాలేజీలో ఉండగా బాపు ఫోన్ చేసి, "బిడ్డా, కాక లేడు" అన్నాడు.  

ఆ తర్వాత మూడు రోజులు ఇంట్లో అందరం ఫోన్ల మీదే ఉన్నాం. మా సొంత ఊళ్ళోని చుట్టాలకు, సూరత్‌లో కాక మగ్గాలు బాగుచేసిన సేఠ్‌లకు, అందరికీ చెప్పాం. ఒక్క మనిషికి మాత్రం చెప్పలేకపోయాం. ఆయన కాకకు జోడీదారు. సూరత్‌కు దూరంగా డాంగ్ అడవిలో ఒక చిన్న గూడెంలో ఉంటాడు. వానాకాలంలో అక్కడ ఫోన్ కలవదు. తారు రోడ్డు కూడా ఆయన ఇంటికి చాలా ముందే ఆగిపోతుంది.

కాక గురించి రాద్దామని కూర్చుంటే ముందుగా ఆ జోడీదారే గుర్తొస్తున్నాడు. మరమగ్గాల పనిలో జోడీదారు అంటే, మనం పగలు నడిపే మగ్గాలనే రాత్రి నడిపే మనిషి. ఒకరు దిగితే ఒకరు ఎక్కాలి. పన్నెండేళ్ళు వాళ్ళిద్దరూ ఒకే మగ్గాలు నడిపారు. కానీ కలుసుకునేది మాత్రం డ్యూటీ మారే పది నిమిషాలే. ఒక కప్పు చాయ్ రెండు గ్లాసుల్లో పోసుకుని, ఏ మగ్గం అలిగిందో, ఏది బుద్ధిగా ఉందో చెప్పుకునేవాళ్ళట. తర్వాత ఆయనకు ఊపిరితిత్తులు చెడి ఊరికి వెళ్ళిపోయాడు. కాక ఫిట్టర్ అయ్యాడు.

ఫిట్టర్ అంటే బండి మీద బతుకు. సూరత్ దక్షిణాన ఉన్ పేట నుంచి ఉత్తరాన కిమ్ దాకా ఏ షెడ్డులో మగ్గం ఆగినా కాక మోటార్ సైకిల్ అక్కడ వాలాల్సిందే. ఇరవై ఏడేళ్ళు ఆ ట్రాఫిక్‌లో తిరిగి ఒక్కసారి కూడా కింద పడలేదు. ఆ సంగతి ఆయన ఎప్పుడూ చెప్పుకోలేదు గానీ, ఎవరైనా చెబితే మాత్రం ఆగి వినేవాడు. పొద్దున బయల్దేరేటప్పుడు మా గల్లీలో బండి స్టార్ట్ చేసేవాడు కాదు. మెయిన్ రోడ్డు దాకా తోసుకుంటూ పోయి అక్కడ కిక్ కొట్టేవాడు. చిన్నప్పుడు నేను ఎందుకని అడిగితే, "రాత్రి డ్యూటీ జేసినోళ్ళు ఇప్పుడే పండుకున్నరు బిడ్డా. నా బండికి ఏం తొందర?" అన్నాడు. ఎండాకాలమైనా, వానైనా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ తోపుడు మానలేదు. మనిషి మంచితనం గురించి పుస్తకాల్లో ఏ మాట చదివినా నాకు బండి తోసుకుంటూ పోయే ఆ వీపే కనబడుతుంది.

పోయిన ఏడాది వానల్లో కాక జోడీదారును చూడటానికి బయల్దేరాడు. ఆయనకు మందులు, ఇష్టమని నాన్‌ఖటాయి బిస్కట్ల డబ్బా పట్టుకెళ్ళాడు. సాయంత్రానికి అవే పట్టుకుని తిరిగొచ్చాడు. తారు రోడ్డు అయిపోయాక ఒక ఎర్రమట్టి ఎత్తు ఉందట. వెనక చక్రం ఉన్నచోటే తిరుగుతూ గుంత తవ్విందట తప్ప బండి పైకి ఎక్కలేదు. నడుద్దామంటే మోకాళ్ళు సహకరించలేదు. "ఇరవై ఏడేండ్లల్ల నా బండి మర్లి వచ్చుడు గిదే మొదటిసారి" అన్నాడు. డబ్బా అల్మారాలో పెట్టాడు. దాన్ని ఎవరం ముట్టుకోలేదు.

వారం తర్వాత నన్ను పిలిచి, "బిడ్డా, గా బురదల పోయే బండ్లు ఏమేం ఉన్నయో జర చూడు" అన్నాడు.

నేను చదువుకునే పిల్లను కదా, పరీక్షకు చదివినట్టే చదివాను. పదకొండు ఆఫ్‌రోడ్ బైకుల వివరాలు నోటుబుక్కులో గళ్ళు గీసి రాశాను. ఇంజన్ ఎంత, సీటు ఎత్తు ఎంత, నేలకూ బండి అడుగుకూ మధ్య ఖాళీ ఎంత, అన్నీ. కాక కళ్ళద్దాలు పెట్టుకుని మెల్లగా మొత్తం చదివాడు.

"మస్తు రాసినవ్. గీ బండి పడ్తె లేపేదెవలు? అది యాడ రాసినవ్?"

"నువ్వెందుకు పడతావ్ కాకా, నీకు ఇన్నేళ్ళ అనుభవం ఉంటే?"

"నా అనుభవం తారు రోడ్డుది. బురద నన్ను చూసిందా, నేను దాన్ని చూసిన్నా?"

ఆదివారం ఇద్దరం సూరత్‌లోనే ఉన్న అమ్రోలిలో పాత బండ్లు అమ్మే ఒక యార్డుకు వెళ్ళాం. కాక తనతో రెండు గోనె సంచులు తెచ్చాడు. ఎందుకో చెప్పలేదు. అక్కడ ఒక పెద్ద బండి ఉంది. ఎత్తుగా, ముందు రెండు లైట్లతో, చుట్టూ ఇనుప రక్షణలతో. నేను గళ్ళు గీసిన వాటిలో మొదటిది అదే. కాక ఎక్కి కూర్చుంటే కాలి మునివేళ్ళు మాత్రమే నేలకు ఆనాయి. అయినా ఆయన మొహం చూశాను. దానిమీద మనసు పడింది. ఇంతకాలం రోడ్డు మీద గెలిచినవాడికి పెద్ద బండే తగుతుందని ఆయనకూ అనిపించింది. "ఇదే తీస్కో కాకా" అన్నాను.

కాక దిగి, గోనె సంచులు నేల మీద పరిచి, బండిని వాటి మీద పడుకోబెట్టమన్నాడు.

అమ్మే కుర్రాడు గుజరాతీ. బిత్తరపోయి, "కాకా, ఆ గాడీ ఛే, భేంస నథీ" అన్నాడు. ఇది బండి, బర్రె కాదు అని.

"భాయ్, ఏక్ బార్ సోనే దో" అని కాక నవ్వాడు. ఒక్కసారి పడుకోనివ్వు అని.

ముగ్గురం కలిసి దాన్ని మెల్లగా పడుకోబెట్టాం. కాక ఒక్కడే లేపబోయాడు. సగం లేచి ఆగింది. రెండోసారి అంత కూడా లేవలేదు. మూడోసారికి నేను చెయ్యి వేశాను.

"ముట్టకు. ఆడ నువ్వుంటవా?"

చెమట తుడుచుకుని ఆ బండి వైపు కాసేపు చూశాడు. "పోయేటప్పుడు గిది నన్ను తీస్కపోతది. వచ్చేటప్పుడు నేను దీన్ని ఎట్ల తీస్కరావాలె?" అన్నాడు. పదిమంది ఎదుట తన బలం ఎంతో తనే కొలుచుకుని, వచ్చిన జవాబుకు సిగ్గుపడని మనిషిని నేను మొదటిసారి చూసింది ఆ రోజే.

మూలన ఒక చిన్న బండి ఉంది. ఇంజన్ చిన్నది, సీటు చిరిగింది, రెండు పక్కలా గీతలే. నా పట్టికలో దానికి చోటే లేదు. దాన్నీ పడుకోబెట్టాడు. ఈసారి బండికి వీపు ఆనించి, ఒక చేత్తో హ్యాండిల్, ఇంకో చేత్తో సీటు కింది కమ్మీ పట్టుకుని, కాళ్ళతో వెనక్కి నడుస్తూ ఒక్క ఊపులో లేపాడు.

"గిది బరాబర్ ఉంది. గీతలు గూడ ముందే పడ్డయి, ఇగ నాకు భయం లేదు."

భయం లేదన్నాడు గానీ, పడటం ఆయనకు తేలిగ్గా రాలేదు. ఉన్ వెనక ఖాళీ ప్లాట్లలో నల్లమట్టి ఉంటుంది. వాన పడితే జిగురు. అక్కడ నేర్చుకోవడం మొదలుపెట్టాడు. మొదటి రోజే మూడుసార్లు పడ్డాడు, మూడూ ఒకే తీరుగా. బండి కాస్త ఊగగానే కుడిచెయ్యి ముందు బ్రేకును గట్టిగా పట్టేది, చక్రం జారేది. ఇంటికొచ్చాక చిన్నమ్మ ఆయన బురద బట్టలు పిండుతూ, "ఇర్వై ఏడేండ్లు పడకుంట తిరిగి, ఇప్పుడు బండి కొనుక్కోని మరీ పడుతున్నవా?" అంది. కాక అన్నం ముందు కూర్చుని తన కుడిచేతినే చూసుకుంటున్నాడు.

మర్నాడు పొద్దున నాతో అన్నాడు: "ఎందుకు పడ్డనో ఎరుకైంది బిడ్డా. మగ్గం మీద పోగు తెగంగనే చెయ్యి పోయి హ్యాండిల్ కొట్టి ఆపుతది. అడగది, ఆలోచించది. గదే అలవాటు. తెగిన పోగుకు మగ్గం ఆపాలె. బురదకు బండి ఆపొద్దు, మెల్లగ పోనియ్యాలె."

ఆ రోజు నుంచి బ్రేకు మీద ఒక్క వేలే పెట్టాడు. యాభై ఏడేళ్ళ మనిషి, పొట్ట నింపిన తన చేతి అలవాటునే కూర్చోబెట్టి కొత్తగా నేర్పడం నేను దగ్గరుండి చూశాను. నాకూ అక్కడే నేర్పాడు. "ముందు లేపుడు నేర్సుకో, తర్వాత నడుపుడు" అనేవాడు. నేను స్కూటీ తప్ప ఎరుగను. నాలుగు రోజులు లేపడమే నేర్చుకున్నాను. ఆ తర్వాతే నడపడం. నేను పడ్డప్పుడల్లా అరిచేవాడు కాదు, పరుగెత్తి వచ్చేవాడు కాదు. దూరంగా నిలబడి, "దెబ్బ తాకిందా? తాకకపోతె లేపు" అనేవాడు.

ఈ ఏడాది తొలి వానలకు కాక వెళ్ళాడు. ఆ ఎర్రమట్టి ఎత్తు ఎక్కాడు. మర్నాడు మెడదాకా బురదతో తిరిగొస్తే, ఏం మాట్లాడుకున్నారని అడిగాను.

"ఏం లేదు. ఊకె కూసున్నం. పది నిమిషాల కంటె ఎక్కువ కూసున్నది గదే మొదలు."

మళ్ళీ వానలు వెనకబట్టేలోపు వస్తానని ఆయనకు చెప్పి వచ్చాడట.

పదకొండో రోజు కార్యం అయ్యాక చిన్నమ్మ బండి తాళం తెచ్చి నా చేతిలో పెట్టింది. "ఆడ జోడీదారు ఈయన వస్తడని చూస్తుంటడు. గట్ల చూసుకుంట ఉండనియ్యద్దు. నువ్వు పోయి చెప్పు బిడ్డా."

బాపు ఒప్పుకోలేదు. అడవి, వాన, ఆడపిల్ల అన్నాడు. చివరికి, "నేను గూడ వస్త" అని వెనక ఎక్కాడు. తారు రోడ్డు అయిపోయిన చోట ఒక చాయ్ దుకాణం ఉంది. అక్కడ దిగి, ముందున్న బురద చూసి, "ఇద్దరిని మొయ్యది. నాకేమో నడపరాదు" అన్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు. "జర పైలం."

ఎర్రమట్టి ఎత్తులో ఒకసారి పడ్డాను. దెబ్బ తగల్లేదు. లేపాను. చుట్టూ ఎవరూ లేరు. కాక ఏ చోట ఏం చేసి ఉంటాడో అనుకుంటూ ఒక్క వేలితో, ఆపకుండా, మెల్లగా పోయాను. చెప్పాల్సిన మాటను గుజరాతీలో దారిపొడుగునా తయారుచేసుకున్నాను. ఒక్కటీ నచ్చలేదు.

గూడెంలో చివరి ఇల్లు. బండి చప్పుడుకే ఒక బక్కపలచని మనిషి నీళ్ళ బిందె పట్టుకుని బయటికి వచ్చాడు. దగ్గుతూనే నవ్వుతున్నాడు. నా ఒంటిమీద కాక రెయిన్‌కోటు, తలకు మొహమంతా మూసే ఆయన హెల్మెట్. నేను ఇంజన్ ఆపి దిగాను. "అప్పుడే వచ్చేశావా జోడీదార్" అని గుజరాతీలో అంటూ ఆయన వంగి, నా కాళ్ళ మీది బురద పోయేలా నీళ్ళు పోయడం మొదలుపెట్టాడు. ఎర్రటి నీళ్ళు మెల్లగా తేటబడుతున్నాయి. నా రెండు చేతులూ హెల్మెట్‌కు అటూ ఇటూ పట్టుకున్నాయి. బిందె ఖాళీ అయ్యేదాకా హెల్మెట్ తియ్యకుండా అలాగే నిలబడ్డాను.