ముగ్గురమే

ఆసుపత్రి ఉతుకుల గదిలో ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళు దుప్పట్లు మడిచింది. అక్కడ అందరికీ దుప్పట్లక్క. కొత్తగా చేరినవాళ్ళు మడత వంకరగా వేస్తే, "రోగి లేస్తాడో లేదో మన చేతిలో లేదు, పక్క తిన్నగా ఉండటం మన చేతిలోనే ఉందర్రా" అని నవ్వేది. పని మానేశాక నెలనెలా కొద్దిపాటి పింఛను వస్తోంది. కొడుకు బస్సు నడుపుతాడు, కోడలు ఇల్లు చూసుకుంటుంది, మనవరాలికి ఎనిమిదేళ్ళు. రెండు గదుల అద్దె ఇంట్లో వెనక గది కిటికీ కింద మంచం ఆవిడది.

ఆ ఇంటిని యజమాని అమ్మకానికి పెట్టాడు. "మీరు కొనుక్కుంటామంటే రెండు నెలలు ఆగుతాను. లేదంటే ఖాళీ చెయ్యండి" అన్నాడు. కొడుకు ఇంటి అప్పుకు తిరగడం మొదలుపెట్టాడు.

అప్పులు ఇప్పించే ఏజెంటు ఒకడు దొరికాడు. అన్నీ తెలిసినవాడిలా కాలు మీద కాలేసుకుని చెప్పాడు. "ప్రభుత్వం రూలు పెట్టింది బాబూ. తీర్చగలడని రుజువైతేనే అప్పివ్వాలి. జీతమెంత, పాత బాకీలెన్ని, ఇంట్లో తినేవాళ్ళెందరు, అన్నీ చూస్తారు. పెద్దావిణ్ణి చూపించావా, మందుల ఖర్చని నీ జీతానికి కత్తెర పడుతుంది."

"మరి నా పింఛను వస్తోంది కదరా?" అందావిడ.

"అది నీ మందులకే చాలదు కదమ్మా. నువ్వూరుకో" అన్నాడు కొడుకు. విసుగుతో కాదు, హడావిడిలో. ఇంట్లో ఉండేవాళ్ళు అన్న చోట ముగ్గురని రాసి సంతకం పెట్టాడు.

బ్యాంకు మనిషి ఇల్లు చూడటానికి వచ్చే రోజు పొద్దున్నే కోడలు ఆవిడ మంచం ఎత్తి గోడకు చేర్చింది. కళ్ళజోడు, మందుల డబ్బా, తువ్వాలు, పింఛను పాసుపుస్తకం ఒక సంచిలో సర్దింది. "చెప్పులు కూడా తీసుకెళ్ళండి అత్తయ్యా, గుమ్మం దగ్గర కనిపిస్తే లెక్కపెడతారట" అంది తల వంచుకుని. తర్వాత కూతురి వైపు తిరిగింది. "ఎవరైనా అడిగితే ఏమంటావే?"

"ముగ్గురం!"

"గట్టిగా కాదే, మామూలుగా."

చెప్పులు చేత్తో పట్టుకుని దుప్పట్లక్క పక్కింటికి వెళ్ళింది. పక్కింటావిడ సంచి చూసి పకపకా నవ్వింది. "ఏంటక్కా, ఈ వయసులో లేచిపోయి వచ్చావా?"

"వచ్చేశానే. ముందు నీ మొగుణ్ణి ఖాళీ చేయించు."

"తీసుకుపో తల్లీ! తిండి ఎక్కువ, పని తక్కువ."

ఇద్దరూ నవ్వుతుండగానే గోడ అవతల గొంతులు వినిపించాయి. గోడ పలచనిది. బ్యాంకతను మర్యాదగానే అడుగుతున్నాడు. పిల్ల నేర్చుకున్నట్టే మామూలుగా చెప్పింది. తర్వాత అతను, "ఇంట్లోకి ఇంకే ఆదాయమైనా వస్తుందా అండీ? పింఛను లాంటిది?" అన్నాడు.

"లేదండీ. నేనొక్కణ్ణే" అన్నాడు కొడుకు.

ఆవిడ లేచి నిలబడింది. ఒళ్ళోని సంచి జారి పాసుపుస్తకం కింద పడింది. దాన్ని తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ కూర్చుంది.

రెండు వారాలకు అప్పు కుదరదని ఉత్తరం వచ్చింది. ఆవిడ కొడుకుని లాక్కుని బ్యాంకుకు వెళ్ళి ఆ మనిషి ముందు పాసుపుస్తకం పెట్టింది.

అతను చాలాసేపు చూశాడు. "మీ జీతంలో వాయిదా ఇంత వాటాకు మించకూడదండీ. రేపు మీరు కట్టలేక ఇల్లు పోగొట్టుకోకూడదనే ఆ రూలు. మీకు కాస్తలో తప్పింది. ఈమె కూడా సంతకం చేసుంటే, ఈ వయసులో మందులకని కొంత తీసేసినా సరిపోయేది. ఈమె మీకేమవుతారు?"

"మా అమ్మండీ."

"ఎక్కడుంటారు?"

కొడుకు పాసుపుస్తకం మూసి అమ్మ చేతిలో పెట్టాడు. బ్యాంకతనికి అర్థమైంది. "తప్పు వివరాలిచ్చారని తెలిశాక ఏడాది దాకా మీ దరఖాస్తు మళ్ళీ తీసుకోలేనండీ" అన్నాడు నెమ్మదిగా.

ఇల్లు ఇంకెవరో కొన్నారు.

కొత్త అద్దె ఇల్లు చూడటానికి నలుగురూ కలిసే వెళ్ళారు. ఒకటే గది, పక్కన వంటకు ఇరుకు చోటు. ఇంటావిడ తాళాలు ఆడిస్తూ, "ఎంతమంది ఉంటారు? ఎక్కువమందైతే ఇవ్వను" అంది.

"ముగ్గురం" అంది పిల్ల టక్కున.

నానమ్మ దాని వెనకే నిలబడి ఉంది. కొడుకు గోడకున్న పగులు చూస్తున్నాడు, కోడలు కుళాయి తిప్పి చూస్తోంది. కుళాయి కాసేపు అలాగే పారింది.

"ముగ్గురే అమ్మా. నేను తోడు వచ్చానంతే" అంది దుప్పట్లక్క.

ఆ నెలాఖరున కొడుకు ఆవిణ్ణి పెద్దవయసు ఆడవాళ్ళకు ఉండటానికి మంచాలు అద్దెకిచ్చే చోటుకు తీసుకెళ్ళాడు. మేనేజరమ్మ అద్దాలు సవరించుకుంది. "నెలనెలా కట్టగలరా పెద్దమ్మా? మధ్యలో ఇబ్బంది పడకూడదని అడుగుతున్నా, మరోలా అనుకోకండి."

ఆవిడ సంచిలోంచి పాసుపుస్తకం తీసి ఇచ్చింది. మేనేజరమ్మ పేజీలు తిప్పి తలూపింది. కొడుకు హామీ సంతకం చేయబోతూ జేబులోంచి పెన్ను తీశాడు.

"మీదక్కర్లేదు బాబూ" అందామె. "ఆవిడ పింఛను సరిపోతుంది."