దీక్షలో కూర్చున్న హోటలాయన

తెలంగాణ ఉద్యమం రోజుల్లో పనిమీద రాజమండ్రి నుంచి మెదక్ వెళ్లాను. బంద్ వల్ల హోటళ్లన్నీ మూసి ఉన్నాయి. ఆకలితో వీధులన్నీ తిరిగి, చివరికి నిరాహార దీక్షా శిబిరంలో కూర్చున్న ఒకాయన్ని, "భోజనం ఎక్కడైనా దొరుకుతుందాండీ?" అని అడిగాను. నా యాస విని పక్కవాళ్లు తలతిప్పి చూశారు. భయమేసింది.

"నాది గూడ హోటలే సార్, బంద్ పెట్టిన. ఉపాసం నాది, మీరెందుకు పస్తుండాలె? ఎనక గల్లీల మా ఇల్లు. నేను పంపిన్నని చెప్పి తినుండ్రి," అన్నాడాయన.

ఆయన భార్య వేడన్నంలో పచ్చిపులుసు పోసింది. పొయ్యెక్కని పులుసు తినడం నాకదే మొదలు. రెండోసారి అడిగి పోయించుకున్నాను.

తిరిగొస్తుంటే ఆయన శిబిరంలోంచే కేకేశాడు: "పచ్చిపులుసు మంచిగున్నదా సార్?"

అడిగింది పొద్దుటినుంచీ ఏమీ తినని మనిషి. దగ్గరికెళ్లి ఆయన చెయ్యి పట్టుకున్నాను.