పసిపిల్లల పంతులమ్మను కావాలని

మాది నెల్లికుదురు దగ్గర ఒక తండా. బడిలో చేరిన మొదటి ఏడాది నాకు ఒక్క తెలుగు ముక్క కూడా రాదు. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. సారు ఏదో అడిగేవాడు, పిల్లలంతా నవ్వేవాళ్లు, ఎందుకో తెలియక నేనూ నవ్వేదాన్ని. బయటికి పోవాలని ఎట్లా అడగాలో తెలియక కూర్చున్న చోటే లంగా తడుపుకున్న రోజులున్నాయి. అందుకేనేమో, ఇంటర్ పాసయ్యాక ఏం చదువుతావని అడిగిన వాళ్లకు నర్సు అని చెప్పలేదు, పోలీసు అని చెప్పలేదు. బడికి కొత్తగా వచ్చే పసిపిల్లలకు పంతులమ్మనవుతానన్నాను.

మా యాడి, అంటే అమ్మ, నవ్వింది. "ముక్కులు తుడిచేతందుకు గూడ సదువుండాల్నా?" అన్నది. ఆమె మాటలన్నీ మా భాషలోనే. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

మానుకోటలో రైలెక్కి జనగామ పోయి, అక్కడ చిన్నపిల్లల టీచర్ ట్రైనింగ్ కాలేజీలో చేరాను. హాస్టల్లో ఉండేదాన్ని. పాత సాక్సులతో బొమ్మలు కుట్టడం, చింతగింజలతో లెక్కలు, ఇసుకలో అక్షరాలు, ఏడ్చే పిల్లను ఊరుకోబెట్టడం - అన్నీ నేర్పేవాళ్లు. పిల్లను ఇంటి భాషలో పలకరించి, మెల్లగా బడి భాషలోకి తీసుకురావాలని పాఠంలో ఉంది. ఆ పేజీని ఎన్నిసార్లు చదువుకున్నానో! నా కోసమే ఎవరో రాశారనిపించేది.

ఆ పాఠం చెప్పిన మేడమ్‌ది ఆంధ్ర వైపు. ఒకసారి తరగతి ముందు నిలబడి నేను కథ చెబుతుంటే మధ్యలో ఆపింది.

"'గట్ల' ఏమిటమ్మా? 'అలా' అనాలి. పసిపిల్లలు నువ్వేం మాట్లాడితే అదే నేర్చుకుంటారు."

వెనక బెంచీల్లో కిసుక్కుమన్నారు. నా పక్క మంచం పిల్లకు మాత్రం కోపం వచ్చింది. ఆమెది చిల్పూర్ దిక్కు, భూములున్న ఇల్లు. "మన భాషల మనం మాట్లాడితే గీమెకేంది నొప్పి? తెలంగాణ రానీ, జెప్త" అన్నది హాస్టల్‌కొచ్చాక. ఆమె నా కోసమే కొట్లాడుతున్నది. కానీ ఆ 'గట్ల' కూడా నేను బడిలో దెబ్బలు తిని నేర్చుకున్నదే. ఆ సంగతి ఆమెకు చెప్పాలనిపించలేదు.

అప్పటికే జనగామ అంతా ఉద్యమం. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుకు తినేవాళ్లం, పట్టాల మీద కూర్చునేవాళ్లం. గొంతు పోయేదాకా నినాదాలిచ్చాను. రాష్ట్రం వస్తే మా తండా దాకా ఏదో ఒకటి వస్తుందని నిజంగానే నమ్మాను.

రెండో ఏడాది నన్ను నర్సింహులపేట దగ్గర ఒక తండా అంగన్‌వాడీకి ప్రాక్టీసుకు వేశారు. అక్కడ నాలుగేళ్ల పాప ఒకతి, ఎప్పుడూ గడప పక్కనే కూర్చునేది. చెప్పులు విప్పి ఒళ్లో పెట్టుకునేది, ఇంకొకరు తీసుకుపోతారన్నట్టు. అక్కడి టీచరక్క, "దానికి మాటలు రావు గావచ్చు, ఎన్నడు నోరిప్పలే" అన్నది.

దగ్గర కూర్చుని మా భాషలో అడిగాను. "తారో నామ్ కాయి?" నీ పేరేంటని.

పేరు చెప్పలేదు. నా ముఖంలోకి చూసి, "పాణి" అన్నది.

మంచినీళ్లు. గ్లాసు నిండా ఇస్తే గడగడా తాగింది. రోజూ పొద్దటి నుంచి దప్పికతోనే కూర్చునేదని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత దాని నోటికి మూతే లేదు. మేకపిల్ల గురించి, నాయనమ్మ కాలి కడియాల గురించి ఆగకుండా చెప్పేది. నేను ఒక్కో తెలుగు మాట కలుపుతూ పోయాను.

మేడమ్ నా పాఠం చూడటానికి వచ్చింది. అంతా అయ్యాక బయటికి పిలిచింది. "నువ్వు నేర్పాల్సింది తెలుగు. మీ ఇంటి మాటలు ఇంటి దగ్గరే పెట్టుకో."

"పుస్తకంల అట్లనే ఉన్నది గద మేడమ్."

"పుస్తకం పరీక్ష కోసమమ్మా" అన్నది. కోపంగా కాదు, జాలిగానే అన్నది.

ఇంతలో రాష్ట్రం కోసం సమ్మె మొదలైంది. బస్సులు ఆగాయి, బడులు మూతపడ్డాయి, హాస్టల్ ఖాళీ చేయించారు. ఆ అంగన్‌వాడీకి సరుకులు రావడం ఆగిపోయి తాళం పడింది. దొరికిన ఆటో పట్టుకుని ఒకరోజు ఆ తండాకు పోతే పాప వాళ్లు మూటలు కడుతున్నారు. పత్తి ఏరడానికి, ఆ తర్వాత మిరపకోతకు గుంటూరు వైపు పోతున్నారట.

"పాపను ఈడనే ఉంచరాదు?" అని వాళ్ల నాయనమ్మను అడిగాను.

"సెంటర్ నడిస్తే పగటి బువ్వ ఆడ తింటుండె, ఉంచుకుంటుంటి. ఇప్పుడు నేనేం బెట్టి సాదాలె బిడ్డా?"

పాప ఆటో దాకా నా వెంట వచ్చి, రేపొస్తావా అని అడిగింది.

మా పరీక్షలు వాయిదా పడుతూ పడుతూ ఎండాకాలానికి వచ్చాయి. రాసి ఇంటికి పోతూ ఆ తండాలో దిగాను. మిరపకోత నుంచి తిరిగొచ్చిన పాప చంకలో తమ్ముణ్ని ఎత్తుకుని ఎండలో నిలబడి ఉంది. అరచేతులు మిరపఘాటుకు పొక్కి ఉన్నాయి. మా భాషలోనే రమ్మని పిలిచాను. అది నన్ను గుర్తుపట్టిందో లేదో తెలియదు. కూలి పని చేయించే మేస్త్రీతో మాట్లాడినట్టు, స్పష్టమైన తెలుగులో చెప్పింది.

"నేను రానండీ. పనుందండీ."

మేడమ్ విని ఉంటే ఒక్క తప్పు కూడా పట్టేది కాదు. నేను తుమ్మచెట్టు కింద కూర్చుండిపోయాను.

పరీక్ష పాసయ్యాను. ఉద్యోగం కోసం తిరగడం మొదలుపెట్టాక తెలిసింది. సర్కారు బడిలో ఒకటో తరగతి కన్నా కింద తరగతే లేదు. అంగన్‌వాడీ టీచరు కావాలంటే పెళ్లయి ఆ ఊళ్లోనే కాపురముండాలి, అక్కడ నా సర్టిఫికెట్‌తో పనే లేదు. ఈ చదువు చదివిన మనిషికి ఎక్కడా కుర్చీ వేసి లేదు. కాలేజీలో ఆ మాట మాకెవరూ చెప్పలేదు.

మా అన్న భూపాలపల్లిలో బొగ్గుబాయి కాంట్రాక్టు పనిలో ఉండేవాడు. "ఇంట్ల కూసొని ఏడిస్తే ఏమొస్తది, నడువు" అని తీసుకుపోయి ఒక ప్రైవేటు స్కూల్లో నర్సరీకి పెట్టించాడు. అక్కడ మూడేళ్ల పిల్లలు పెన్సిల్ పట్టి ఇంగ్లీషు అక్షరాలు రాయాలి. ఇసుక లేదు, చింతగింజలు లేవు. తెలుగు మాట్లాడితే నిలబెట్టాలి. సాయంత్రానికి నా గొంతు నాకే పరాయిదిలా వినిపించేది. కొన్నాళ్లకు ఆ సంగతి పట్టించుకోవడం కూడా మానేశాను.

ఢిల్లీలో తెలంగాణ బిల్లు పాసైన మర్నాడు వీధంతా గులాల్, పటాకులు. స్కూల్లో లడ్డూలు పంచారు. నేనూ తిన్నాను. సంతోషమూ అయింది, అబద్ధం ఎందుకు. కళ్లనీళ్లు ఎందుకు ఆగలేదో మాత్రం ఎవరికీ చెప్పలేకపోయాను. అంతలో యాడి ఫోన్ చేసింది.

"తెలంగాణ వచ్చిందట గద. ఇగ నీ నౌకరి ఎప్పుడొస్తది?"

"వస్తది యాడీ" అన్నాను.

"మరి ఎవలనన్న అడుగు."

అడుగుతానని ఫోన్ పెట్టేశాను. తరగతిలో ఒక పిల్ల లడ్డూ ఎక్కువ తిని పుస్తకాల మీదే కక్కుకుంది. బక్కెట్టు తెచ్చి తుడవడానికి వంగాను.