అడుగున మిగిలిన మాజూన్

కె.ఆర్.పురంలో ప్యాసింజరు ఎక్కినప్పటి నుంచీ నాకు ఒకటే దగ్గు. రాజమండ్రి వాణ్ణి, బెంగళూరు చలి పడదు. ఎదుటి సీట్లోని పెద్దావిడ కాసేపు చూసి, సంచిలోంచి చిన్న గాజు సీసా తీసింది. అడుగున రెండు చెంచాల నల్లటి లేహ్యం ఉంది.

"ఇది చప్పరించప్పా, తగ్గుతాది. టర్కీ మాజూన్. తేనెలో నలభై ఒక్క దినుసులు కలుపుతారంట. మా ఆయన ఆడ హోటల్లో వంట చేస్తా ఉండె. వచ్చినప్పుడల్లా తెస్తా ఉండె."

రైల్లో పరాయివాళ్ళు ఇచ్చింది తినకూడదంటారు. అయినా చెయ్యి చాచాను, ఆవిడ చెంచాతో కొంచెం వేసింది. అలవాటుగా కళ్ళకద్దుకుని నోట్లో వేసుకున్నాను. ఆవిడ నవ్వింది.

"ప్రసాదం కాదప్పా."

గొంతులో లవంగం ఘాటు దిగింది. ఇబ్బందిగా ఉండి, ఆయన ఇప్పుడెక్కడున్నారని అడిగాను.

"పోయినేడు ఆడే చచ్చిపోయినాడు."

ఆవిడే సీసా వైపు చూస్తూ చెప్పింది.

"ఆడ ఒక ఊర్లో దీన్ని మసీదు మీదినించి జనాల మీదికి ఇసుర్తారంట. పంచితేనే మందు అనేటోడు మా ఆయన. ముందు పక్కోళ్ళకి పెట్టి, ఆమైన మనం తినల్ల అని. ఇంట్లో నేనొక్కదాన్నే ఉండాను. ఎవురికి పెట్టేది? ఏడాదాయె, నేను నోట్లో పెట్టి."

సీసా అడుగు చెంచాతో గీకి, మిగిలినదంతా నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

నా దగ్గు ఆగింది. రైలు కాడుగోడి దాటింది. ఆవిడ ఇంకా మింగలేదు.