పని పూర్తయిందని చెప్పే మోత

సెజిబెరా చేతులు అప్పటికే ఇంజను కింద ఉన్నాయి. ఎడమ అరచేత్తో దాని బరువు మోస్తూ, కుడిచేత్తో చివరి బోల్టు విప్పాడు. అది న్దాహిరో నడిపే మోటో ఇంజను. మోటో అంటే మా దగ్గర కిరాయికి తిప్పే బైకు. దాని పిస్టను రింగులు మార్చిందీ, ఇన్నేళ్లుగా బతికించిందీ సెజిబెరానే. ఇప్పుడు తనే ఊడదీసి గోనెపట్టా మీద పెట్టాడు. అడుగున మిగిలిన నూనె మెల్లగా పట్టాలోకి ఇంకింది.

"చంటిపిల్లాణ్ణి పడుకోబెట్టినట్టు పెడుతున్నావేంటి మూజే? ఇనపముక్కేగా!" అన్నాడు న్దాహిరో. మా న్యామిరాంబో పేట కొండసందులో పెద్దవాళ్లందర్నీ మూజే అనే పిలుస్తారు.

"ఈ ఇనపముక్కే నీకు పెళ్లి చేసింది. నోరు మూసుకుని ఆ పానా ఇటివ్వు."

మా కిగాలీ నగరంలో పెట్రోలు మోటోలు తగ్గిపోతున్నాయి. సెజిబెరా షెడ్డు వైపు వచ్చేవాళ్లే లేరు. పాత బండ్లకు కరెంటు మోటారు బిగించే కంపెనీ ఒకటి మెకానిక్కులను తీసుకుంటామంది. వాళ్ల సామానుతో ఒక బండి మార్చి చూపించాలి, తనిఖీలో నెగ్గితే ఉద్యోగం. న్దాహిరో బండే ఆ పరీక్ష. నెగ్గకపోతే షెడ్డు మూసేసి అన్నగారి అరటితోటలో కూలికి పోవడమేనని సెజిబెరా నాతో అన్నాడు. పక్క షెడ్డులో పంక్చర్లు వేసేది నేనే.

పని బాగా చేశాడు. వెనక చక్రానికి మోటారు బిగించి, తీగలు రాసుకునే ప్రతిచోటా పాత ట్యూబు ముక్క చుట్టాడు. మధ్యాహ్నం కంపెనీ నుంచి ఉవేరా వచ్చింది. తీగలన్నీ వేళ్లతో తడిమి చూసింది. బ్యాటరీ లోపలికి తోసి, తాళం తిప్పి చూసి అలాగే ఉంచింది.

"శుభ్రంగా ఉంది సెజిబెరా గారూ. ఉండండి, సంతకానికి కాగితం తెస్తాను" అంటూ తన బండి దగ్గరికి వెళ్లింది.

మా సందులో ఒక పద్ధతి ఉంది. పని అయ్యాక మెకానిక్కు బండెక్కి, న్యూట్రల్లో యాక్సిలరేటరు నిండా తిప్పి ఒక్క మోత మోగించాలి. అది విన్నాకే బండివాడు చేయి కలుపుతాడు. ఎదురుగా పాలకొట్టు నడిపే ముకందోలి కూడా ఆ మోతకే రెండు గ్లాసులు తీసి తోడేసి పులిసిన పాలు పోసి పెడుతుంది.

"ఏం మూజే, మోత లేకుండానే ఇచ్చేస్తావా నా బండి? పాలు ఎగ్గొట్టడానికా?" న్దాహిరో నవ్వాడు.

సెజిబెరా కూడా నవ్వి బండెక్కాడు. స్టాండు తీశాడు. న్యూట్రల్ కోసం ఎడమకాలు వెతికింది, గేరు ఉండేచోట ఏమీ లేదు. కింద చప్పుడు లేదు, అదురు లేదు. బండి ఇంకా ఆగే ఉందనుకుంది చెయ్యి. యాక్సిలరేటరు నిండా తిప్పింది.

బండి ఎగిరి సందు దాటి పాలకొట్టు గోడను గుద్దింది. సెజిబెరా పక్కకు పడ్డాడు.

"నా గోడ!" అని అరిచిన ముకందోలి, బెణికి వాస్తున్న అతని మణికట్టు చూసి దగ్గరికొచ్చింది.

ఉవేరా కాగితం పట్టుకునే నిలబడిపోయింది. బండి ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు వంగిపోయి ఉంది.

"మీ పనికి వంక పెట్టను. కానీ మా దగ్గర రోజంతా ఈ బండ్ల మధ్యే తిరగాలి. ముందు మనిషి ఉంటే ఏమయ్యేది?"

"నిజమేనమ్మా."

"ఎగదోసింది నేనమ్మా, ఆయన కాదు!" న్దాహిరో అడ్డం వచ్చాడు.

"ఊరుకోరా. తిప్పింది నా చెయ్యి." సెజిబెరా లేచి నిలబడ్డాడు. "ఫోర్కు సరిచేసిస్తానమ్మా. వంకర బండి నా షెడ్డు దాటకూడదు."

ఆమె తలూపింది. సంతకం లేని కాగితం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయింది.

సెజిబెరా మణికట్టుకు గుడ్డ బిగించి కట్టుకున్నాడు. ఫోర్కు గొట్టాలు విప్పి, ప్రెస్సు కింద పెట్టి కొంచెం కొంచెంగా వంపు తీశాడు. పట్టు చాలనిచోట నన్ను పిలిచాడు, ఎంత బలంగా నొక్కాలో చెప్పాడు. అన్నీ బిగించాక వెనక చక్రం నుంచి ముందు చక్రానికి దారం లాగి చూశాడు. దారం రెండు చక్రాలకూ సమంగా ఆనింది.

ముకందోలి గోడ పెచ్చులు ఊడుస్తోంది. గ్లాసులు తీయలేదు.

న్దాహిరో మోత అడగలేదు. సెజిబెరా బండిని చేత్తోనే సందులోకి నడిపించి, తాళంచెవి తిప్పకుండానే అతని అరచేతిలో పెట్టాడు.