అత్తగారి అడ్డుప్రశ్న

కట్టుడు పళ్లు చేసే ఆవిడకు ముప్పై నాలుగో ఏట దంతవైద్యం చదవాలన్న బుద్ధి పుట్టింది. పన్నెండేళ్లుగా ఆసుపత్రి వెనక గదిలో కూర్చుని మైనంలో పళ్లు పేరుస్తోంది. ఏ పన్ను ఎంత వంపు తిరగాలో వేలి కొసతో తడిమి చెప్పగలదు. ఇంట్లో అత్తగారిని తప్పిస్తే, ఆ పళ్లు పెట్టుకునే మనుషులను మాత్రం ఎన్నడూ చూడలేదు. వాళ్లను ముందు గదిలో డాక్టరు గారు చూస్తారు. ఆవిడ చేతికి వచ్చేది వాళ్ల నోటి ప్లాస్టరు అచ్చే.

ఒక పెద్దాయన పళ్ల సెట్టు గుచ్చుకుంటోందని మూడోసారి తిరిగొచ్చింది.

"ఒక్కసారి ఆయన నోరు చూడనివ్వండి డాక్టరు గారూ, ఎక్కడ తేడా ఉందో చెప్పేస్తాను."

"నోళ్లు చూడాలంటే ప్రవేశ పరీక్ష రాయాలమ్మా. నీ వయసుకు అడ్డేం లేదు" అన్నారాయన నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. మర్నాడు పుస్తకాల షాపుకు వెళ్లింది. షాపాయన పదకొండు పుస్తకాల కట్ట ముందు పెట్టి, "ఇది ఉంటే ఇంకో పుస్తకం ముట్టుకోనక్కర్లేదు" అన్నాడు. ఆవిడ నమ్మింది. ఆ కట్టను భర్త ఆయాసపడుతూ మోసుకొస్తుంటే అత్తగారు చూసి, "ఇవి చదవడానికా, మేడకు మెట్లు కట్టడానికా?" అంది.

కోడలు జీవశాస్త్రం మొదటి పేజీ నుంచి పట్టింది. ప్రతి వాక్యం కిందా గీత గీసింది. గీతలు లేని వాక్యం కనబడకుండా పోయింది గానీ, పరీక్ష నాటికి మూడో పుస్తకం సగం కూడా దాటలేదు. పరీక్ష గదిలో రసాయన శాస్త్రం ప్రశ్నలు కళ్లెదుటే ఉన్నాయి, ఒక్కటీ కొరుకుడు పడలేదు. సీటు దరిదాపుల్లోకి కూడా రాలేదు.

ఫలితం వచ్చిన రోజు పుస్తకాలన్నీ తాడుతో కట్టి పాత కాగితాలవాడి కోసం గుమ్మంలో పెట్టింది. అత్తగారు ఆ కట్ట పక్కనే పీట వేసుకుని కూర్చుంది.

"అమ్మాయ్, నా పళ్ల సెట్టు నువ్వే కదా చేశావు. దొరికిన పళ్లన్నీ తెచ్చి నా నోట్లో కూరావా?"

"అదేం మాట అత్తయ్యా! ముందు అచ్చు తీయలేదూ? ఏవి ఉన్నాయో, ఏవి ఊడాయో చూసుకునే కదా చేశాను."

"మరి నీ చదువులో ఏవి ఉన్నాయో, ఏవి ఊడాయో ఎవరు చూశారు?"

ఆవిడ తాడు విప్పి అడుగున ఉన్న పాత ప్రశ్నపత్రం లాగింది. ఆదివారం పొద్దున్నే గడియారం ఎదురుగా పెట్టుకుని ఏమీ చదవకుండా రాసేసింది. ఆ పరీక్షలో ఆకారాలు ఊహించే భాగం కూడా ఒకటుంది; కాగితాన్ని మడిస్తే ఏ ఆకారం వస్తుందో చెప్పే ఆ భాగంలో ఒక్కటే తప్పు. పన్నెండేళ్ల చేతిపని ఊరికే పోలేదు. ఆ భాగానికే కట్టలో మూడు లావుపాటి పుస్తకాలున్నాయి! జీవశాస్త్రం గట్టెక్కింది. రసాయన శాస్త్రంలో నలభైకి తొమ్మిది.

మళ్లీ షాపుకు వెళ్లింది. ఈసారి కట్టల వంక చూడలేదు. రసాయన శాస్త్రం పుస్తకాలు ఒక్కొక్కటే తీసి, తనకు తేలని పాఠాన్నే అన్నింట్లోనూ నిలబడి చదివింది. ఎవరూ చెప్పకుండానే అర్థమైనది ఒకే ఒక్క పల్చటి పుస్తకం.

"అది స్కూలు పిల్లలదమ్మా" అన్నాడు షాపాయన.

"నేను ఆగిపోయింది అక్కడే బాబూ."

దానితోపాటు పాత ప్రశ్నపత్రాలు, తప్పులు రాసుకోవడానికి ఒక నోటుబుక్కు, అంతే. సాయంత్రాలు అత్తగారు జవాబుల కాగితం పట్టుకుని కూర్చునేది. "తప్పు!" అని అత్తగారు ఎంత సంబరంగా అనేదో, కోడలు ఆ ప్రశ్న అంత గుర్తుపెట్టుకునేది.

రెండో ఏడు సీటు వచ్చింది. మొదటి జాబితాలో కాదు, రెండోదాంట్లో, చివరి వరసల్లో. డాక్టరు గారు వెనక గదికి వచ్చి చేయి కలిపారు. ఆవిడ కళ్లు తుడుచుకుని, తన చోట కొత్తగా చేరిన అమ్మాయికి మైనం ఎంత వేడి చేయాలో చూపించడంలో పడింది. కాలేజీ తెరవడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. బల్ల మీద రెండు సెట్లు సగంలో ఉన్నాయి.