నర్సుకు చెప్పని మాట

ఈ మాట ఏళ్లుగా నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు కనుక మీకు చెబుతున్నాను.

నా కూతురికి హెపటైటిస్ బి ఉంది. నా నుంచే వచ్చింది. కడుపుతో ఉండగానే నాకు తెలుసు. సిరిసిల్లలో, మా పుట్టింటి దగ్గర, పరీక్ష చేసిన డాక్టరమ్మ విడమరిచి చెప్పింది: ఇదీ ఒక రకం కామెర్ల జబ్బే, కాన్పు ఎక్కడైనా ముందే చెప్పు, పుట్టిన రోజే సూదులు వేస్తే బిడ్డకు చాలావరకు అంటదు. తలూపాను. కోరుట్లలో, అత్తగారింట్లో మాత్రం నోరు విప్పలేదు. నా కంచం, నా గ్లాసు వేరు పెడతారని భయం.

నెలలు నిండేసరికి తెలంగాణ బంద్. నా భర్త రోడ్డు మీదే ఉన్నాడు, బండ్లు ఆపుతూ. సిరిసిల్ల వెళ్దామనుకుంటుండగానే నొప్పులొచ్చాయి. పక్కింటి ఖాజా భాయ్ తన ఆటోలో ఊళ్లోని చిన్న దవాఖానకే తీసుకెళ్లాడు.

"కామెర్లు గిట్ల ఏమన్న ఉన్నయా అమ్మా?" అని నర్సు అడిగింది.

అత్త నా చెయ్యి పట్టుకుని ఉంది.

"ఏం లెవ్వు," అన్నాను.

అత్త బయటికి వెళ్లాక చెప్పొచ్చు కదా? బిడ్డను ఒళ్లో పెట్టినప్పుడైనా చెప్పొచ్చు కదా? ఆ దవాఖానలో సూది ఉందో లేదో నాకిప్పటికీ తెలియదు. అడిగితే కదా తెలిసేది.

పిల్ల ఎనిమిదో తరగతిలో ఊరికే అలసిపోతుంటే జగిత్యాలలో రక్తపరీక్ష చేయించాం. కాలేయం వాచిందన్నారు. నాకూ పరీక్ష చేశారు. అప్పుడే తెలిసినట్టు ఏడ్చాను. పుట్టిన రోజే సూది పడాల్సిందన్నాడు డాక్టరు.

బయటికొచ్చాక నా భర్త గోడకు ఆనుకున్నాడు. "గా దినం బండ్లు ఆపకపోతే సిరిసిల్లకు పోదుము, ఆడైతే పుట్టంగనే సూది ఏసేటోళ్లు. నా బిడ్డను నేనే ఆగం జేసుకున్న."

"ఊకోరాదు. మన రాత గట్లున్నది," అన్నాను.

అంతే అన్నాను.

ఇప్పుడు రోజూ గోలీ, ఆర్నెల్లకోసారి పరీక్ష. పసరు మందు తాగించమన్న చుట్టాలను ఆయన తరిమేశాడు. ఏటా తెలంగాణ వచ్చిన రోజున ఊరంతా సంబురం చేసుకుంటుంటే తలుపేసుకుని కూర్చుంటాడు. అది చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఎవరి మీద? నొప్పీ గుర్తూ లేకుండా లోపలే తినే ఈ జబ్బు మీదనుకుంటాను. ఒళ్లు పచ్చబడి ఉంటే దాచేదాన్ని కాదేమో అనుకుంటాను. చూశారా, మళ్లీ సాకు.

ఆయన తప్పేం లేదు. తెలిసీ దాచింది నేను. క్షమించమని అడగను, ఆ హక్కు నాకు లేదు. కానీ ఇన్నేళ్లకు, మొదటిసారి, ఈ మాట నా గొంతు దాటింది.